అంబాసిడరా, ఎర్టిగానా? మా షెడ్డులో రోజూ వినే అపోహలు

ఇంట్లో తాతగారి పెట్రోల్ అంబాసిడర్ ఉంది, దాన్నే బాగుచేయించి వాడుకుందామా, ఎర్టిగా కొందామా అని చాలామంది అడుగుతుంటారు. అడుగుతూనే సగం జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు. ఆ జవాబుల సంగతే ఇది.

అపోహ: పాత బండి రేకు మందం, గుద్దినా ఏమీ కాదు.

వాస్తవం: బండికి కాకపోవచ్చు, లోపలున్న మనిషి మాటేమిటి? కొత్త కార్ల ముందుభాగం నలిగేలా కావాలనే చేస్తారు. ఆ నలగడంలోనే దెబ్బ జోరు చాలావరకు తగ్గుతుంది. పాత అంబాసిడర్‌లో ఎయిర్‌బ్యాగు లేదు, స్టీరింగ్ రాడ్ వెనక్కి తోసుకొస్తే తగిలేది డ్రైవర్ ఛాతీకే. అలాగని ఎర్టిగాను చూసి మరీ ధీమా పడక్కర్లేదు. 2019లో కార్లను గుద్దించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో దానికి 5కి 3 స్టార్లే వచ్చాయి.

అపోహ: అంబాసిడర్‌కి కింద లారీలా ఛాసిస్ (బాడీని మోసే ఇనుప చట్రం) ఉంటుంది, రేకు తుప్పు పట్టినా పర్లేదు.

వాస్తవం: నాకు బాగా చిరాకు తెప్పించే మాట ఇదే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనే పాత ఇంగ్లండు కారు నుంచి వచ్చిన బండి ఇది. విడిగా ఛాసిస్ లేదు, బరువంతా బాడీయే మోస్తుంది. డబ్బు పెట్టేముందు కార్పెట్ ఎత్తి, డోర్ల కింది గడపల పొడవునా స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడండి. ఖంగుమంటే సరే. మొద్దుగా మోగితే లోపల తుప్పో, పుట్టీయో ఉన్నట్టే. జాకీ పెట్టే చోట రేకు లోపలికి దిగిపోతుంటే పెయింటు ఎంత మెరిసినా వదిలేయండి. ఇంజన్ పని కన్నా టింకరింగే (రేకు పనే) జేబు ఖాళీ చేస్తుంది.

అపోహ: పాతదైతే ఏ మెకానిక్కైనా చేస్తాడు, ఖర్చుండదు.

వాస్తవం: పని తేలికే, కానీ మాటిమాటికీ ఉంటుంది. గ్రీజు కొట్టాలి, ట్యాపెట్లు (వాల్వుల సందు), పాయింట్లు (ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే స్విచ్చు) సరిచూడాలి. ఎర్టిగాకి 10,000 కిలోమీటర్లకో, ఏడాదికో ఒక సర్వీసు చాలు. పైగా ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్. పాత రబ్బరు పైపులు, ఇంజన్‌కి పెట్రోల్ అందించే పంపులోని డయాఫ్రమ్ (రబ్బరు పొర) దానికి తట్టుకోవు, ముందే మార్పించుకోండి.

అపోహ: ఎర్టిగాలో ఏడుగురు సామానుతో సహా హాయిగా వెళ్లొచ్చు.

వాస్తవం: ఏడుగురు పడతారు, సామాను పట్టదు. మూడో వరుస ఎత్తితే డిక్కీలో మిగిలేది 209 లీటర్లే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లయితే, కుర్చీలో కూర్చున్నట్టుండే అంబాసిడర్ వెనక సీటే నయమంటారు. నిజమే మరి.

అపోహ: అంబాసిడర్ అంటేనే వింటేజ్ (అపురూపమైన పాతకాలపు బండి), వాటికిచ్చే ప్రత్యేక నంబరు తీసుకుని తిరగొచ్చు.

వాస్తవం: ఉత్తరపారా ఫ్యాక్టరీలో ఇవి 2014 దాకా తయారయ్యాయి. 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ నంబరు కావాలంటే మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి, ఇంజన్, బాడీల్లో పెద్ద మార్పులు ఉండకూడదు. వేరే డీజిల్ ఇంజన్ దింపిన బండి అయితే కష్టమే. కొత్తగా ఆ నంబరుకి ఫీజు 20,000 రూపాయలు. అది వచ్చాక కూడా ప్రదర్శనలకో, పెట్రోల్‌కో, రిపేరుకో తప్ప రోజువారీ వాడకానికి బయటకు తీయకూడదు. రోజూ నడపాలంటే మామూలు ఆర్సీయే ఉంచుకుని, బండికి 15 ఏళ్లు దాటితే 5 ఏళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోండి.