నగరాల నేర ర్యాంకులు: అపోహలు - వాస్తవాలు

మా చెల్లెలి కొడుక్కి అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఎమ్మెస్ సీటు వచ్చింది. స్వీట్లు పంచిన మూడో రోజే చెల్లెలు ఖమ్మం నుంచి ఫోన్ చేసింది. "అన్నయ్యా, అది అమెరికా మొత్తంలో ప్రమాదకరమైన ఊరంట. వాట్సాప్‌లో లిస్టు వచ్చింది. వాణ్ని పంపాలా, వద్దా?" అంది. గొంతులో ఏడుపు తెలుస్తూనే ఉంది.

నేను పోలీసు శాఖ నేర రికార్డుల విభాగంలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. స్టేషన్ల నుంచి వచ్చే ఎఫ్‌ఐఆర్‌లను సెక్షన్ల వారీగా విడదీసి, నెలవారీ పట్టికలు తయారుచేసి పైకి పంపడం నా పని. ఏటా వచ్చే నివేదికలో ఒక్కో అంకె ఎలా పుడుతుందో దగ్గర నుంచి చూసినవాణ్ని. ఆ అంకెల లిస్టు చూసి జనం పిల్లల చదువులు, ఉద్యోగాలు, అద్దె ఇళ్లు తేల్చేసుకుంటుంటే నాకు బాధగా ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: రేటు ఎక్కువున్న నగరంలో నేరాలు ఎక్కువ జరుగుతున్నాయి

వాస్తవం: జాతీయ నేర రికార్డుల బ్యూరో, అంటే ఎన్‌సీఆర్‌బీ, లెక్కపెట్టేది పోలీసులు కట్టిన కేసులను. నేరం జరిగినా కేసు కట్టకపోతే అది ఆ పుస్తకంలోకి రాదు. 2023 నివేదికలో 19 మహానగరాలున్నాయి. లక్ష జనాభాకు ఇన్ని ఐపీసీ కేసులు అని చెప్పే అంకెనే రేటు అంటారు. అది కోల్‌కతాలో 83.9, కొచ్చిలో 3192.4. ముప్ఫై ఎనిమిది రెట్లు తేడా. కొచ్చి మెరైన్ డ్రైవ్‌లో ఒక సాయంత్రం నడిచినవాళ్లెవరూ ఆ ఊరి మనుషులు కోల్‌కతా వాళ్లకంటే అన్ని రెట్లు ప్రమాదంలో ఉన్నారంటే నమ్మరు. కేరళలో చిన్న ఫిర్యాదుకైనా కేసు కట్టే అలవాటు బలంగా ఉంది. నిర్లక్ష్యంగా బండి నడిపిన కేసులు కూడా సెక్షన్ 279 కింద కుప్పలుగా నమోదై ఇదే లెక్కలో కలుస్తాయి. ఢిల్లీ పోలీసులు 2015లో బండ్ల దొంగతనాలకు ఆన్‌లైన్ ఎఫ్‌ఐఆర్ మొదలుపెట్టారు. స్టేషన్ మెట్లు ఎక్కకుండానే కేసు నమోదయ్యే వీలు కలిగితే అంకె పెరుగుతుంది. పెరగాలి కూడా.

కోల్‌కతాలో కేసులు కట్టడం లేదని నేను ఆరోపించడం లేదు. ఊరు ప్రశాంతంగా ఉండి అంకె తగ్గిందా, ఫిర్యాదులు పుస్తకంలోకి ఎక్కక తగ్గిందా అన్నది ఒక్క రేటును చూసి ఎవరూ చెప్పలేరు. నేరాలు పెరగడం వేరు, నేరాల నమోదు పెరగడం వేరు అని ఎన్‌సీఆర్‌బీయే తన నివేదికలో హెచ్చరిస్తుంది. ఆ మాటను వాట్సాప్ బొమ్మల్లో ఎవరూ పెట్టరు.

ఫిర్యాదు పుస్తకంలోకి ఎక్కకుండా ఎలా ఆగిపోతుందో నా కళ్లతో చూశాను. ఒక స్టేషన్‌కు రికార్డులు సరిచూడ్డానికి వెళ్లినప్పుడు, ఇరవై ఏళ్ల అమ్మాయి ఏడుస్తూ వచ్చింది. ఆటో దిగుతుంటే బైక్ మీద వచ్చినవాళ్లు చేతిలోని ఫోన్ లాక్కెళ్లారు. అక్కడున్నాయన నెమ్మదిగానే మాట్లాడాడు, మంచినీళ్లు ఇప్పించాడు, చివరికి "ఫోన్ పోయింది అని రాయమ్మా, చాలు" అన్నాడు. ఆ అమ్మాయి అలాగే రాసింది. ఒక దోపిడీ కేసు పోగొట్టుకున్న వస్తువుల రిజిస్టర్‌లోకి వెళ్లిపోయింది. ఆ నెల పట్టికలో ఆ సందు చాలా ప్రశాంతంగా కనిపించింది. ఆ పట్టిక చేసింది నేనే. అది ఇప్పటికీ నన్ను వదల్లేదు.

లిస్టులో పైకి వెళ్తే పై అధికారులు తిడతారు, పేపర్లు రాస్తాయి, అసెంబ్లీలో ప్రశ్నలు వస్తాయి. ఆ టెన్షన్ చివరికి వచ్చి పడేది స్టేషన్‌లో కాగితం రాసే మనిషి మీద. పోలీసు విచారణకు తీసుకోదగిన నేరం గురించి సమాచారం అందితే కేసు కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013 నవంబర్‌లో లలితా కుమారి కేసులో స్పష్టంగా చెప్పింది. తక్కువ ర్యాంకుకు చప్పట్లు కొట్టే ప్రతిసారీ మనం తెలియకుండానే ఆ తీర్పుకు ఎదురు నడుస్తున్నాం.

అపోహ: లక్ష మందికి లెక్కగట్టారు కాబట్టి పోలిక సరైనదే

వాస్తవం: ఏ లక్ష మంది అన్నదే అసలు ప్రశ్న. మన మహానగరాల రేట్లకు వాడుతున్నది 2011 జనాభా లెక్కలే. ఆ తర్వాత కొండాపూర్, నార్సింగి వైపు ఎన్ని అంతస్తులు లేచాయో మనకు తెలుసు. 2011లో 20 లక్షలు దాటలేదు కాబట్టి విశాఖ, విజయవాడ ఆ జాబితాలోనే లేవు. 2023 నివేదిక నాటికి గచ్చిబౌలి సైబరాబాద్ కమిషనరేట్‌లో, ఉప్పల్ రాచకొండలో ఉన్నాయి. రెండు చోట్ల వాళ్లూ ఊరడిగితే హైదరాబాదే అంటారు. కేసులు ఏ హద్దుల్లోవి, జనాభా ఏ హద్దుల్లోది అని అడక్కుండా రేటును నమ్మకూడదు.

తిరుపతి సంగతి ఆలోచించండి. 2011 లెక్కల్లో ఊరి జనాభా మూడు లక్షల లోపు. కొండకు మామూలు రోజుల్లోనే అరవై, డెబ్బై వేల మంది వస్తారు. వాళ్లలో ఒకరి పర్సు కొట్టేస్తే కేసు తిరుపతి ఖాతాలో పడుతుంది. ఆ భక్తుడు మాత్రం తిరుపతి జనాభాలో లేడు. అలా రేటు ఉన్నదానికంటే పెరుగుతుంది. ఇంకో పక్క, రైలు టైమైపోతోందని ఫిర్యాదు ఇవ్వకుండానే వెళ్లిపోయేవాళ్లు ఎందరో. అలా తగ్గుతుంది. ఒకే అంకెలో రెండు తప్పులు, చెరో దిక్కు నుంచి.

సెయింట్ లూయిస్ కథా ఇదే. ఆ నగరం 1876లో తన కౌంటీ నుంచి విడిపోయి అప్పటి హద్దుల్లోనే ఉండిపోయింది. 2020లో నగర జనాభా సుమారు 3 లక్షలు, చుట్టుపక్కల శివార్లన్నీ కలిపితే 28 లక్షలు. మిగతా చాలా అమెరికా నగరాల లెక్కలో ప్రశాంతమైన శివార్లు కూడా కలుస్తాయి, ఇక్కడ కలవవు. నగరంలోని కొన్ని వీధుల్లో తుపాకీ హింస నిజంగానే ఎక్కువ, దాన్ని నేను తక్కువ చేసి చెప్పను. కానీ లిస్టులో మొదటి స్థానం రావడంలో ఆ పాత హద్దు గీతకూ పెద్ద వాటా ఉంది. ఇలాంటి ర్యాంకులు వేయొద్దని ఎఫ్‌బీఐ కూడా చెబుతుంది.

చెల్లెలికి ఇవన్నీ చెప్పి, ఒక్క పని చేయమన్నాను. అమెరికాలో 1990 నాటి క్లెరీ చట్టం ప్రకారం యూనివర్సిటీలు ఏటా అక్టోబర్ 1 లోపు క్యాంపస్ భద్రతా నివేదిక ప్రచురించాలి. అది చదివి, అక్కడ ఇప్పటికే ఉన్న మన పిల్లల్ని ఏ వీధిలో ఉంటున్నారో, రాత్రి లైబ్రరీ నుంచి ఎలా వస్తున్నారో అడగమన్నాను. మేనల్లుడు రూమ్ వెతుక్కున్నది ఆ జవాబులను బట్టే.

అపోహ: మహిళల మీద నేరాల అంకె పెరిగితే వీధులు ప్రమాదకరమయ్యాయి

వాస్తవం: 2022లో దేశంలో మహిళలపై నేరాల కేసులు 4,45,256. అందులో అన్నిటికంటే పెద్ద వాటా, 31.4 శాతం, భర్త లేదా అత్తింటివాళ్ల క్రూరత్వం. ఒక నగరానికి కొత్తగా వెళ్లే అమ్మాయి ఆ అంకెలో బస్టాపును వెతుకుతుంది. అందులో అన్నిటికంటే పెద్ద వాటా నాలుగు గోడల మధ్య జరిగినదానిది. అదీ పూర్తిగా లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, హింసకు గురైన మహిళల్లో ఎవరినైనా సాయం అడిగినవాళ్లు 14 శాతమే. తెలంగాణలో 2014 అక్టోబర్‌లో షీ టీమ్స్ వచ్చాక, అంతకుముందు మౌనంగా భరించిన వేధింపుల మీద అమ్మాయిలు ఫిర్యాదు చేయడం మొదలుపెట్టారు. ఆ పెరుగుదల నాకు సంతోషమే కలిగించింది.

సైబర్ నేరాల అంకెతోనూ ఊరి వీధులకు సంబంధం లేదు. 2022లో దేశం మొత్తం 65,893 కేసులైతే తెలంగాణవి 15,297. డబ్బు పోయిన మనిషి ఇక్కడున్నాడు కాబట్టి కేసు ఇక్కడిది. ఫోన్ చేసినవాడు ఎక్కడో వేరే రాష్ట్రంలో కూర్చుని ఉండొచ్చు.

అపోహ: ఇంటర్నెట్ సేఫ్టీ ఇండెక్సులు జనం అనుభవంతో వచ్చినవి కాబట్టి అవే నిజం

వాస్తవం: నంబియో లాంటి సైట్లు తమ సైట్‌కు వచ్చినవాళ్లను రాత్రిపూట ఒంటరిగా నడవడానికి భయమా, దొంగతనం జరుగుతుందని బెంగా అని అడిగి ఇండెక్స్ కడతాయి. ఇంగ్లీషు, ఇంటర్నెట్ ఉన్నవాళ్ల జవాబులే ఎక్కువగా వస్తాయి. పాతబస్తీలో రాత్రి పదకొండుకు బండి మీద పళ్లు అమ్ముకునే ఆయన జవాబు అందులో ఉండదు.

అయినా ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. అమ్మాయిలు భయపడి చీకటి పడ్డాక నడవడం మానేసిన దారిలో కేసులు సున్నా ఉంటాయి. ఆ సున్నాను భద్రత అనుకుంటే చాలా పెద్ద తప్పు. ఆ దారి సంగతి మా పట్టికలకంటే అక్కడి హాస్టల్ అమ్మాయిలకే బాగా తెలుసు.

ఇరవై ఏళ్లుగా ఉంటున్నా, ఏమీ జరగలేదనే స్థానికుడూ, దిగిన గంటలో బ్యాగు పోయిన టూరిస్టూ ఇద్దరూ నిజమే చెబుతారు. అమెరికాలోని మినియాపొలిస్‌లో 1989లో వచ్చిన ఒక పరిశోధన, పోలీసులకు వచ్చే కాల్స్‌లో సగం సుమారు 3 శాతం చిరునామాల నుంచే వస్తున్నాయని తేల్చింది. నేరం ఊరంతా సమానంగా పరుచుకుని ఉండదు.

అపోహ: అయితే ఈ లెక్కలన్నీ పనికిరానివే

వాస్తవం: కాదు. హత్యను దాచడం కష్టం, కాబట్టి ఆ అంకె మిగతావాటికంటే నమ్మదగ్గది. బండి పోతే ఇన్సూరెన్స్ కోసం ఎఫ్‌ఐఆర్ కావాలి, కాబట్టి అదీ చాలావరకు సరిగ్గా ఉంటుంది. మొత్తం రేటు వదిలేసి ఈ రెండూ చూడండి. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే అన్నిటికంటే తీవ్రమైనదొక్కటే లెక్కకు వస్తుందన్నది కూడా గుర్తుంచుకోండి. అత్యాచారం చేసి చంపితే అది హత్య కిందే పడుతుంది.

అపోహ: ఊరు కాని ఊళ్లో ఫిర్యాదు ఇచ్చి లాభం లేదు

వాస్తవం: 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేర విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపవచ్చు, ఆ తర్వాత మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. తిరుపతిలో పర్సు పోయినాయన వరంగల్‌లో రైలు దిగాకైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. అక్కడివాళ్లు జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి తిరుపతికి పంపాలి. లాక్కున్నారంటే లాక్కున్నారనే రాయండి. ఏ బస్టాండు, ఏ ప్లాట్‌ఫారం, ఎన్ని గంటలకు అన్నది తప్పకుండా చేర్చండి. రేపు ఆ టైముకు ఇద్దరు కానిస్టేబుళ్లను ఎక్కడ నిలబెట్టాలో తేలేది ఆ ఒక్క లైనుతోనే.