సున్నా–సున్నాల మీద కోపం ఎందుకు వచ్చింది, ఎందుకు తగ్గింది

2024-25 సీజన్లో బర్న్‌లీ జట్టు ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో రెండో మెట్టైన ఛాంపియన్‌షిప్ లీగ్‌లో 46 మ్యాచ్‌లు ఆడితే ఓడింది రెండే. ఎదుటి జట్లకు ఇచ్చిన గోల్స్ 16. అయినా ఆ చలికాలమంతా సొంత అభిమానులే జట్టును నడిపే మేనేజర్ స్కాట్ పార్కర్ మీద గుర్రుగా ఉన్నారు. బంతిని వెనక్కీ పక్కకీ తిప్పుతున్నారు, ముందుకు తోసే ధైర్యం చేయడం లేదు, టికెట్ కొని వచ్చినవాడికి చూడ్డానికి ఏమీ మిగలడం లేదు అని వాళ్ల బాధ. ఏప్రిల్ 21న షెఫీల్డ్ యునైటెడ్‌ను 2-1తో ఓడించి పై మెట్టైన ప్రీమియర్ లీగ్‌లో చోటు ఖాయం చేసుకున్నాక అవే నోళ్లు వేరే మాట అన్నాయి. గెలిచాడు కాబట్టి మెచ్చుకున్నారు, అంతేగా అని కొట్టిపారేయొచ్చు. నేను అలా అనుకోను. ఆ కోపానికి ఒక చరిత్ర ఉంది. అది చల్లారడానికి ఒక లెక్క ఉంది.

విశాఖలో కూచుని బర్న్‌లీ గురించి ఇంత పట్టింపు ఏమిటని అడిగేవాళ్లు ఉంటారు. ప్రెస్టన్‌లో పీజీ చేసి వచ్చిన కుర్రాళ్లు మన ఊళ్లో కొంతమంది ఉన్నారు. ప్రెస్టన్‌లో రైలెక్కితే బ్లాక్‌బర్న్ మీదుగా నేరుగా బర్న్‌లీలో దిగొచ్చు. చదువుకునే రోజుల్లో శనివారాలు టర్ఫ్ మూర్ స్టేడియంకి వెళ్లి, ఆ ఇష్టాన్ని ఇంటిదాకా మోసుకొచ్చినవాళ్లు వీళ్లు. ఇంకో తెలుగు ముడి కూడా ఉంది. బర్న్‌లీకి బద్ధశత్రువు బ్లాక్‌బర్న్ రోవర్స్. ఆ రెండు ఊళ్ల మధ్య దూరం ఇంచుమించు జగదాంబ జంక్షన్ నుంచి గాజువాక దాటి వెళ్లినంత. ఆ బ్లాక్‌బర్న్‌ను 2010లో కొన్నది వెంకీస్. 1971లో బి.వి.రావు హైదరాబాద్‌లో మొదలుపెట్టిన కోళ్ల వ్యాపారం అది, తర్వాత పూణే కేంద్రంగా పెరిగింది. కొన్న రెండేళ్లలోపే, 2012లో, బ్లాక్‌బర్న్ ప్రీమియర్ లీగ్ నుంచి దిగిపోయింది. అందుకే మనవాళ్ల మధ్య ఈ రెండు జట్ల మాట వస్తే చర్చ కాస్త వేడెక్కుతుంది.

బర్న్‌లీ చిన్న ఊరు. ఒకప్పుడు నూలు బట్టల మగ్గాలతో బతికింది. 1888లో ఫుట్‌బాల్ లీగ్ పెట్టిన పన్నెండు క్లబ్బుల్లో ఒకటి, 1921లోనూ 1960లోనూ ఇంగ్లండ్ ఛాంపియన్. అలాంటి క్లబ్బు మెట్లు దిగుతూ దిగుతూ 1987 నాటికి నాలుగో డివిజన్ అడుక్కి చేరింది. ఆ ఏడాది మే 9న, సీజన్ చివరి రోజున, ఓరియెంట్‌ను 2-1తో ఓడించి లీగ్ నుంచి బయటికి పోకుండా తప్పించుకుంది. ఆ రోజు ఓడి ఉంటే క్లబ్బు బతికేదా అన్నది అక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ మాట్లాడుకునే సంగతి. పడిపోవడం అంటే ఏమిటో ఈ అభిమానులకు ఇంట్లో చెప్పిన కథల్లోంచే తెలుసు. జాగ్రత్తను పిరికితనం అని ఒక్కమాటలో తిట్టేసే జనం కాదు వాళ్లు.

పైగా ఆ జాగ్రత్తతోనే వాళ్లు పైకి వచ్చారు. 2012 అక్టోబరులో వచ్చిన మేనేజర్ షాన్ డైచ్ దాదాపు పదేళ్లు ఉన్నాడు. 2014లో ఒకసారి, 2016లో ఇంకోసారి జట్టును ప్రీమియర్ లీగ్‌లోకి ఎక్కించాడు. గట్టి డిఫెన్స్, రెండు వరుసల్లో నలుగురేసి ఆటగాళ్లు, పొడుగు పాసులు. 2017-18లో 38 మ్యాచ్‌ల్లో కొట్టింది 36 గోల్సే. ఆ గోల్స్‌తోనే ఏడో స్థానంలో నిలిచి యూరప్ క్లబ్బుల పోటీ అయిన యూరోపా లీగ్ అర్హత పోటీలకు వెళ్లింది బర్న్‌లీ. అందంగా లేదని బయటివాళ్లు అన్నా ఊరివాళ్లు పట్టించుకోలేదు. 2022 ఏప్రిల్లో డైచ్‌ను తీసేశారు. ఆ సీజన్ చివర్లో జట్టు కిందికి దిగింది.

తర్వాత వచ్చిన విన్సెంట్ కొంపనీ మొత్తం తిరగేశాడు. గోల్‌కీపర్ నుంచే చిన్న పాసులతో ఆట కట్టడం, బంతి మన దగ్గరే ఉండాలన్న పట్టుదల. 2022-23లో 101 పాయింట్లతో ఛాంపియన్‌షిప్ టైటిల్. ఊరు మురిసిపోయింది. మరుసటి ఏడాది ప్రీమియర్ లీగ్‌లో అదే ఆట ఆడబోయి 24 పాయింట్లతో పందొమ్మిదో స్థానంలో కూలింది. కొంపనీ బాయర్న్ మ్యూనిక్‌కు వెళ్లాడు. ఆ సీజన్లో పైకి వచ్చిన మూడు జట్లూ (బర్న్‌లీ, లూటన్, షెఫీల్డ్ యునైటెడ్) తిరిగి దిగిపోయాయి. మరుసటి ఏడాది పైకి వెళ్లిన లెస్టర్, ఇప్స్‌విచ్, సౌతాంప్టన్‌లకూ అదే గతి పట్టింది. సౌతాంప్టన్ సీజన్ మొత్తానికి 12 పాయింట్లు తెచ్చుకుంది.

2024 జూలైలో పార్కర్ వచ్చినప్పుడు అభిమానుల మనసులో ఇలా రెండు గాయాలు ఉన్నాయి. ఒకటి కొంపనీ ధైర్యం మిగిల్చిన దెబ్బ. రెండోది, ఆ ధైర్యంలో ఉన్న అందాన్ని ఒకసారి చూశాక మళ్లీ పాత ఆటకు కళ్లు ఒప్పుకోకపోవడం. నా దృష్టిలో రెండోదే పెద్దది. డైచ్ కాలంలో ఎవరూ అడగని ప్రశ్న పార్కర్ కాలంలో అందరూ అడిగారంటే కారణం అదే.

పార్కర్ గతం కూడా నమ్మకం కలిగించేలా లేదు. ఫుల్హమ్‌ను 2020లో ప్లేఆఫ్ (పై లీగ్‌లో చివరి చోటు కోసం ఆడే పోటీ) ఫైనల్ గెలిపించి పైకి తెచ్చాడు. మరుసటి సీజన్లో ఆ జట్టు 27 గోల్స్ మాత్రమే కొట్టి దిగిపోయింది. 2022లో బోర్న్‌మత్‌ను పైకి తెచ్చాడు. లివర్‌పూల్ చేతిలో 9-0 తేడాతో ఓడిన మూడు రోజులకే ఉద్యోగం పోయింది. బెల్జియంలో క్లబ్ బ్రూజ్‌కు వెళ్తే రెండున్నర నెలలు కూడా నిలవలేదు. జట్టును పైకి ఎక్కించడం తెలుసు, అక్కడ నిలబెట్టడం తెలీదు అన్న ముద్ర అప్పటికే పడిపోయింది.

అయితే చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. పార్కర్ బర్న్‌లీలో జాగ్రత్తగా మొదలుపెట్టలేదు. మొదటి మ్యాచ్‌లో లూటన్ మీద 4-1, రెండోదాంట్లో కార్డిఫ్ మీద 5-0. రెండు మ్యాచ్‌ల్లో తొమ్మిది గోల్స్. ఆ ఆగస్టులోనే ఒడోబెర్ టాటెన్‌హామ్‌కూ, బెర్గే ఫుల్హమ్‌కూ, డారా ఓషే ఇప్స్‌విచ్‌కూ వెళ్లిపోయారు. ప్రీమియర్ లీగ్ నుంచి దిగిన క్లబ్బుకు ఖర్చులు తగ్గించుకోక తప్పదు, అమ్ముడుపోయేది మంచి ఆటగాళ్లే. మిగిలిన సరుకుతో సంసారం ఈదాల్సిన మేనేజర్ ముందు ఇల్లు కాపాడుకున్నాడు. ఎస్తేవ్, ఈగన్-రైలీ మధ్యలో గోడలా నిలబడ్డారు, వాళ్ల ముందు కల్లెన్ కాపలా కాశాడు. అక్కడి నుంచి గోల్స్ తగ్గాయి, డ్రాలు పెరిగాయి.

కోపం పతాకస్థాయికి చేరింది కొత్త సంవత్సరం అటూఇటూ. స్టోక్‌తో సున్నా–సున్నా, జనవరి 17న సండర్‌లాండ్‌తో సున్నా–సున్నా, 27న టర్ఫ్ మూర్‌లోనే లీడ్స్‌తో సున్నా–సున్నా. మధ్యలో ప్లిమత్ మీద 5-0 గెలుపు ఉందని ఎవరికీ గుర్తులేదు.

ఆ సండర్‌లాండ్ మ్యాచ్ మన గడియారంలో రాత్రి ఒంటిగంట దాటాక మొదలైంది. సీతమ్మధారలో ఒక మేడ మీది గదిలో ఫోన్‌ను టీవీకి తగిలించి చూస్తున్నాం. రెండో సగం మధ్యకు వచ్చేసరికి సగంమంది గోడకు జారబడి కునుకు తీస్తున్నారు. ‘ఏటి గురూ ఇది, వీళ్లు గోల్‌పోస్ట్ ఎటుందో మర్చిపోయారా’ అని ఒకడు విసుక్కున్నాడు. సరిగ్గా ఆఖరి నిమిషాల్లో సండర్‌లాండ్‌కు పెనాల్టీ వచ్చింది. విల్సన్ ఇసిడోర్ కొట్టాడు, గోల్‌కీపర్ ట్రాఫర్డ్ ఆపాడు. ఊపిరి పీల్చుకునేలోపే ఇంకో పెనాల్టీ. మళ్లీ ఇసిడోరే కొట్టాడు, మళ్లీ ట్రాఫర్డే ఆపాడు. గదిలో లేచిన అరుపుకి కిందినుంచి ఆ ఇంటి కుర్రాడి అమ్మగారు ‘ఏట్రా ఆ కేకలు, పక్కింటోళ్లు లేస్తారు’ అని కేకేశారు. ఇందాక విసుక్కున్నవాడు మాత్రం మంచం మీదున్న కరెంటు బిల్లు తీసుకుని, దాని వెనక పాయింట్ల లెక్క రాయడం మొదలుపెట్టాడు. మా గదిలో అభిప్రాయం తిరిగింది ఆ రాత్రే. గోల్ కొడితేనే ఆట అనుకునేవాడికి, గోల్ ఇవ్వకపోవడం కూడా చెమటోడ్చి చేసే పనే అని కళ్లముందు కనిపించింది.

ఆ లెక్క మూలం 1981లో ఉంది. అంతకుముందు ఇంగ్లండ్‌లో గెలిస్తే రెండు పాయింట్లు, డ్రా అయితే ఒకటి. జట్లు డ్రా కోసమే ఆడుతున్నాయని, జనం స్టేడియంలకు రావడం మానేస్తున్నారని గెలుపుకు మూడు చేశారు. దీనికోసం గట్టిగా వాదించినవాడు జిమ్మీ హిల్. డ్రా విలువ గెలుపులో సగం నుంచి మూడో వంతుకు పడింది. అయినా పాత సూత్రం చావలేదు. సొంత ఊళ్లో గెలుపు, బయట డ్రా. 46 మ్యాచ్‌ల లీగ్‌లో ఇలా ఆడితే 92 పాయింట్లు వస్తాయి, సాధారణంగా పైకి వెళ్లడానికి అది చాలు. 24 జట్లలో మొదటి రెంటికే నేరుగా ప్రమోషన్. 2024-25లో మూడు నుంచి ఆరు దాకా నిలిచినవాళ్లు ప్లేఆఫ్ ఆడి ఒక్క చోటుకోసం కొట్టుకోవాల్సి వచ్చింది. ఆ చోటు విలువ కనీసం 20 కోట్ల పౌండ్లని ఆర్థిక సంస్థల అంచనా, మన లెక్కలో రెండు వేల కోట్ల రూపాయల పైమాటే. ఇంత డబ్బు ఒక పొరపాటు మీద వేలాడుతుంటే ఏ మేనేజరైనా బంతిని వెనక్కి ఇవ్వమనే అంటాడు.

ఇక ఆ సీజన్ పట్టిక చూడండి. నాకు ఇందులో అన్నింటికన్నా విలువైనది ఇదే. బర్న్‌లీ గెలిచినవి 28. మూడో స్థానంలో నిలిచిన షెఫీల్డ్ యునైటెడ్ గెలిచినవీ 28. గెలుపుల్లో తేడా లేదు. బర్న్‌లీ 16 డ్రా చేసుకుని రెండు ఓడింది, షెఫీల్డ్ ఎనిమిది డ్రా చేసుకుని పది ఓడింది. షెఫీల్డ్‌కు రెండు పాయింట్ల కోత పడింది నిజమే, అది లేకపోయినా రెండో స్థానం అందేది కాదు. షెఫీల్డ్ అదనంగా ఓడిన ఎనిమిది మ్యాచ్‌లు బర్న్‌లీ ఖాతాలో డ్రాలుగా ఉన్నాయి, అంతే. ఏ డ్రాలను చూసి జనం తిట్టారో ఆ డ్రాలే నిచ్చెన అయ్యాయి. షెఫీల్డ్ ప్లేఆఫ్ ఫైనల్‌కు వెళ్లి, సండర్‌లాండ్ చేతిలో ఇంజరీ టైమ్ గోల్‌తో ఓడింది. ఏప్రిల్ వచ్చి ఈ అంకెలు కళ్లముందు నిలిచాకనే పార్కర్ మీద అభిప్రాయం నిజంగా మారింది.

చరిత్రలో కూడా ఆ జట్టుకు చోటు దక్కింది. 30 మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. 1953-54లో పోర్ట్ వేల్ పెట్టిన రికార్డును సమం చేసింది. 46 మ్యాచ్‌ల సీజన్లో అతి తక్కువ గోల్స్ ఇచ్చిన రికార్డు 1995-96 గిల్లింగమ్‌ది, 20. బర్న్‌లీ దాన్ని 16కు దించింది. నవంబరు 3న మిల్‌వాల్‌లో ఓడాక లీగ్‌లో మళ్లీ ఓడనేలేదు, వరుసగా 33 మ్యాచ్‌లు.

ఇంతా చెప్పి, తిట్టినవాళ్లది పూర్తిగా తప్పు అనలేను. బర్న్‌లీ 100 పాయింట్లతో ముగించింది, లీడ్స్ కూడా సరిగ్గా వందే. గోల్ తేడాతో (కొట్టినవాటిలోంచి ఇచ్చినవి తీసేస్తే మిగిలేది) టైటిల్ లీడ్స్‌కు పోయింది. లీడ్స్ 95 గోల్స్ కొడితే బర్న్‌లీ కొట్టింది 69. అందులో 18 బ్రౌన్‌హిల్ ఒక్కడివే, అతనేమో మిడ్‌ఫీల్డర్. లీడ్స్‌తో ఆడిన రెండు మ్యాచ్‌ల్లో ఒకటి గెలిచి, ఒకటి డ్రా చేసుకుని, ఒక్క గోల్ కూడా ఇవ్వని జట్టు కప్పు ఎత్తలేకపోయింది. రెండు సున్నా–సున్నాల్లో పావుగంట ముందు ఇంకొక స్ట్రైకర్‌ను దింపి ఉంటే అన్న ప్రశ్న న్యాయమైనదే. ప్రమోషన్ అందాక పార్కర్‌ను దేవుణ్ని చేసినవాళ్లు ఈ ప్రశ్నను మింగేశారు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న అంటారు. ఇక్కడ తిరగబడి, ఏరు దాటేదాకా బోడి మల్లన్న అన్నవాళ్లే దాటాక ఓడ మల్లన్న అన్నారు.

ఆ వేసవిలో ట్రాఫర్డ్ మాంచెస్టర్ సిటీకి వెళ్లాడు. ఈగన్-రైలీ మార్సెయ్‌కి వెళ్లాడు. బ్రౌన్‌హిల్ కాంట్రాక్టు ముగిసి క్లబ్బు వదిలాడు. పెనాల్టీలు ఆపినవాడు, గోడ కట్టినవాడు, గోల్స్ కొట్టినవాడు, ముగ్గురూ లేకుండా 2025 ఆగస్టు 16న టాటెన్‌హామ్‌తో ప్రీమియర్ లీగ్ మొదటి మ్యాచ్‌కు దిగింది బర్న్‌లీ. 3-0తో ఓడింది. జాగ్రత్త సరిపోలేదా, జాగ్రత్త పడగలిగిన మనుషులు లేకపోయారా అన్న వాదన సీతమ్మధార గదిలో ఆ రాత్రే మళ్లీ మొదలైంది.