పేరుండదు, గుర్రముంటుంది: జపాన్ చలికాలపు వాటాదారులు

2014 ఫిబ్రవరిలో టోక్యోలో మంచు విపరీతంగా కురిసింది. వరుసగా రెండు వారాంతాలు టోక్యో రేస్‌కోర్సు తెల్లగా కప్పుకుపోయి పందేలు ఆగిపోయాయి. 16వ తేదీ ఆదివారం జరగాల్సిన క్యోదో న్యూస్ హాయ్ అనే మూడేళ్ల గుర్రాల పందెం చివరికి 24వ తేదీ సోమవారం నడిచింది. ఇస్లా బొనీటా అనే గుర్రం గెలిచింది. ఏప్రిల్‌లో అదే గుర్రం సత్సుకి షో కూడా గెలిచింది. అక్కడి మూడు పెద్ద క్లాసిక్ పందేల్లో అది మొదటిది.

పందెం పట్టికలో ఇస్లా బొనీటా యజమాని పేరు షాదాయ్ రేస్ హార్స్ అని ఉంటుంది. అది ఒక సంస్థ. డబ్బు పెట్టినవాళ్లు వేరే. గుర్రాన్ని 40 వాటాలు చేసి అమ్మారు, వాటిని కొన్నవాళ్ల పేర్లు ఆ పట్టికలో ఎక్కడా కనబడవు. అది సోమవారం, అందరికీ ఆఫీసులున్న రోజు. తమ గుర్రం ముఖ్యమైన పరుగుకి సెలవు పెట్టి వెళ్లాలా, భోజనం వేళ ఫోన్లో చూసుకోవాలా అన్నది వాళ్ల సమస్య. మామూలు గుర్రపు యజమానికి ఇలాంటి సమస్య రావడం తక్కువ.

ఇలాంటి వాటాదారుని జపాన్‌లో 'హితోకుచి బనుషి' అంటారు. హితోకుచి అంటే 'ఒక నోరు', బనుషి అంటే గుర్రం యజమాని. చందాలు, వాటాలు లెక్కపెట్టేటప్పుడు జపనీయులు నోళ్లు లెక్కపెడతారు. మనం పప్పన్నం ముద్దలు లెక్కపెట్టినట్టు అనుకోండి. మాటలో యజమాని ఉన్నా చట్టం దృష్టిలో ఇతను యజమాని కాడు. ఈ తేడా ఎక్కడ మొదలైందో తెలిస్తే ఆ వాటాదారులు చలికాలం పొడుగునా పడే టెన్షన్ కూడా అర్థమవుతుంది.

ఇప్పటి పందేల చట్టం 1948 నాటిది. దాని వెనకే 1954లో జపాన్ రేసింగ్ అసోసియేషన్ ఏర్పడింది. అందరూ దాన్ని జేఆర్ఏ అంటారు. గుర్రాన్ని పరిగెత్తించాలంటే జేఆర్ఏ దగ్గర యజమానిగా పేరు నమోదు కావాలి. ఆ నమోదు కష్టం. ఇప్పటి నిబంధన ప్రకారం వ్యక్తిగత యజమానికి వరుసగా రెండేళ్లు కోటీ 70 లక్షల యెన్ల ఆదాయం, ఏడున్నర కోట్ల యెన్ల ఆస్తి ఉండాలి. అంతకన్నా గట్టి నియమం ఇంకొకటి ఉంది. ఒకరి పేరు మీద ఇంకొకరు గుర్రాన్ని నడపకూడదు. పేరు అరువివ్వడం నిషేధం. పందేల్లోకి రౌడీ మూకల డబ్బు రాకుండా చూడటానికి ఈ కట్టుబాటు ఉపయోగపడుతుంది. నలుగురు గుమస్తాలు చందాలేసుకుని ఒక గుర్రం కొందామనుకున్నా ఇదే అడ్డం.

దానికి కనిపెట్టిన ఉపాయం రెండంచెలది. మొదటి సంస్థ సభ్యుల దగ్గర డబ్బు తీసుకుని గుర్రాన్ని కొంటుంది. కొన్న గుర్రాన్ని రెండో సంస్థకు పెట్టుబడిగా అప్పగిస్తుంది. జేఆర్ఏలో యజమానిగా నమోదయ్యేది ఆ రెండో సంస్థే. ఈ జంటని మామూలుగా క్లబ్బు అంటారు. సభ్యుడికి ఉండే ఒప్పందం పేరు 'తోకుమేయ్ కుమియాయ్'. తెలుగులో చెప్పాలంటే 'పేరు కనబడని భాగస్వామ్యం'. పేరు అరువివ్వకూడదన్న చట్టానికి అసలు పేరే లేకుండా చేయడం జవాబైంది. నాకైతే ఈ మొత్తం కథలో అన్నిటికన్నా జపనీయంగా తోచేది ఈ ముడే.

ఇది పెద్ద ఎత్తున సాగింది 1980లో. హొక్కైదో దీవిలో గుర్రాలు పెంచే యోషిదా జెన్యా డైనర్స్ క్లబ్ కార్డు సంస్థతో చేతులు కలిపి షాదాయ్ డైనర్స్ థరోబ్రెడ్ క్లబ్ మొదలుపెట్టారు. అందుకే ఆనాటి గుర్రాల పేర్లు 'డైనా'తో మొదలయ్యేవి. 1986లో డైనా గలివర్ జపాన్ డెర్బీ గెలిచింది. జెన్యా ఎన్నో ఏళ్లుగా ఎదురుచూసిన డెర్బీ అది, గెలిచింది మాత్రం ఊరూ పేరూ తెలియని వాటాదారుల డబ్బుతో నడిచిన గుర్రం. ఆ ఏడాది డిసెంబరులో అది నకయామా రేస్‌కోర్సులో అరిమా కినెన్ కూడా గెలిచింది. అభిమానులు ఓట్లేసి గుర్రాల్ని ఎంపిక చేసే ఆ పందెం 1956 నుంచి జరుగుతోంది. జపాన్‌లో ఏడాది ముగిసిందనడానికి చాలామందికి అదే గుర్తు.

తర్వాత జెన్యా అమెరికా నుంచి సండే సైలెన్స్‌ని తెప్పించారు. 1989 కెంటకీ డెర్బీ గెలిచినా ఆ గుర్రం సంతతి మీద అక్కడివాళ్లకి పెద్ద ఆశల్లేవు. జపాన్‌లో మాత్రం 1995 నుంచి 2007 దాకా 13 ఏళ్లు వరుసగా తండ్రి గుర్రాల పట్టికలో అదే మొదటి స్థానం. దాని పిల్లల్లో చాలా వాటికి వాటాలు పెట్టారు. వాటాదారుల ఓపిక ఎలా ఉంటుందో చెప్పాలంటే వాటిలో ఒక్కటి చాలు, స్టే గోల్డ్.

స్టే గోల్డ్ మొదటి పరుగు 1996 డిసెంబరులో. ఆ చలికాలం గెలవలేదు. మొదటి గెలుపు తర్వాతి ఏడాది మే నెలలోగానీ రాలేదు. ఆ తర్వాత అతిపెద్ద పందేల్లో, అంటే జీ1 పందేల్లో, నాలుగుసార్లు రెండోదిగా వచ్చింది. గెలవలేక కాదు, గెలవడం ఇష్టం లేక అన్నట్టుండేదని జోకులు పుట్టాయి. వాటాదారులు ఏటా డిసెంబరు వచ్చేసరికి 'ఈ ఏడూ అంతే' అనుకుని క్యాలెండరు మార్చేవారు. ఏడేళ్ల వయసులో, 2001 డిసెంబరులో, 50వ పరుగు, అదే చివరి పరుగు కూడా. హాంకాంగ్ వాజ్ అనే పందెంలో ఆఖరి క్షణంలో ముందున్న గుర్రాన్ని దాటి మొట్టమొదటి జీ1 గెలిచింది. డిసెంబరులో మొదలై డిసెంబరులో ముగిసింది. అది రిటైరయ్యాక పుట్టిన పిల్లల్లో ఒకటి ఓర్ఫెవ్ర్. సండే రేసింగ్ క్లబ్బు దాన్నీ 40 వాటాలుగా అమ్మింది. 2011లో మూడు క్లాసిక్కులూ గెలిచి, 2013 డిసెంబరులో అరిమా కినెన్‌ని ఎనిమిది గుర్రాల పొడవు తేడాతో గెలిచి రిటైరైంది.

అందరి కథా ఇలా సాగలేదు. సిల్క్ అనే క్లబ్బు గుర్రం సిల్క్ జస్టిస్ 1997లో అరిమా కినెన్ గెలిచింది. దాన్ని పుట్టించింది హయాతా ఫార్మ్. 1994లో మూడు క్లాసిక్కులు గెలిచిన నరితా బ్రయన్ పుట్టిందీ ఆ ఫార్మ్‌లోనే. అంతటి ఫార్మ్ 2002లో దివాలా తీసింది. మంచి గుర్రాలు వచ్చే దారి మూసుకుపోవడంతో సిల్క్ సభ్యులకు చాలా ఏళ్లు నీరసంగా గడిచాయి. తర్వాత ఆ క్లబ్బు జెన్యా కొడుకు కత్సుమి నడిపే నార్తర్న్ ఫార్మ్ పంచన చేరింది. అక్కడి నుంచి దాని దశ తిరిగింది.

ఆ దశ ఎంత తిరిగిందో చెప్పే గుర్రం ఆల్మండ్ ఐ. ధర మూడు కోట్ల యెన్లు, 500 వాటాలు, ఒక్కో వాటా 60 వేల యెన్లు. ఇప్పటి మారకంలో ముప్పై, నలభై వేల రూపాయల మధ్య. మంచి ఫోన్ ఖరీదు. 2015 మార్చిలో పుట్టిన ఆ ఆడగుర్రం తొమ్మిది జీ1లు గెలిచి 190 కోట్ల యెన్లకు పైగా సంపాదించింది. వాటాకు 38 లక్షల యెన్లన్నమాట. అందులోంచి పందెం డబ్బులో ట్రైనర్‌కి పది శాతం, జాకీకి ఐదు, గుర్రాన్ని చూసుకునే మనిషికి ఐదు పోతాయి, ఆపైన పన్నులు, క్లబ్బు రుసుములు. అయినా 60 వేలకు అది ఎలాంటి రాబడో చెప్పక్కర్లేదు. 2020 నవంబరులో జపాన్ కప్‌లో ఆల్మండ్ ఐ చివరిసారి పరిగెత్తి గెలిచినప్పుడు మూడోదిగా వచ్చిన డేరింగ్ టాక్ట్ కూడా క్లబ్బు గుర్రమే. 2018 నుంచి 2022 వరకు అరిమా కినెన్ గెలిచిన ఐదూ, బ్లాస్ట్ వన్‌పీస్, లిస్ గ్రాస్యూ, క్రోనో జెనెసిస్, ఎఫోరియా, ఈక్వినాక్స్, వాటాల గుర్రాలే.

ఈలోపు ప్రభుత్వం కూడా ఊరుకోలేదు. 1992లో అమల్లోకి వచ్చిన చట్టం ఈ క్లబ్బుల్ని ఒకరకం ఫండ్లుగా చూసింది. 2007 నుంచి ఇవి షేర్లు, బాండ్ల వ్యాపారాన్ని చూసే ఆర్థిక చట్టం కిందికి వచ్చాయి. ఇప్పుడు గుర్రపు పిల్ల ఫొటో పక్కనే నష్టభయం గురించి పేజీలకు పేజీల హెచ్చరికలుంటాయి. చదివేవాళ్లు తక్కువ. చట్టం దృష్టిలో సభ్యుడు పూర్తిగా పెట్టుబడిదారుడే అయ్యాడు. ఏ పందెంలో దించాలో, ఏ జాకీని ఎక్కించాలో చెప్పే హక్కు అతనికి లేదు. ట్రైనర్‌కి నేరుగా ఫోన్ చేయకూడదు. గెలిచాక కళ్లెం పట్టుకుని గుర్రం పక్కన నిలబడి దిగే ఫొటోకి కొద్దిమందికే చోటు, దానికి ముందే పేరివ్వాలి. 2020 ఫిబ్రవరి 29 నుంచి కోవిడ్ వల్ల ఖాళీ స్టాండ్ల ముందు పందేలు నడిచినప్పుడు ఆ ఫొటో కూడా లేకుండా పోయింది.

ఇక చలికాలం సంగతి. జపాన్‌లో పందెపు గుర్రాలు దాదాపు అన్నీ పుట్టేది హొక్కైదోలోనే. జేఆర్ఏకి ఉన్న పది రేస్‌కోర్సుల్లో సప్పొరో, హకొదాతే ఆ దీవిలో ఉన్నవి, వేసవిలో మాత్రమే నడుస్తాయి. మంచు ప్రాంతమైన నీగతా కూడా చలికాలంలో మూతపడుతుంది. పందేలు నకయామా, టోక్యో, క్యోటో, చుక్యో, కొకురా లాంటి చోట్లకు దిగుతాయి. చలి అక్కడికీ వెంట వస్తుంది. డర్ట్ ట్రాక్, అంటే ఇసుక ట్రాక్, గడ్డకట్టకుండా ఇసుకలో మందు చల్లుతారు. దాంతో ఇసుక బరువెక్కి పరుగు మందగిస్తుంది. మంచులో పరిగెత్తితే గిట్టల కింద అది ఉండలు కట్టుకుంటుంది.

వాటాదారుని తినేసేది మంచుకన్నా క్యాలెండరు. మూడేళ్ల గుర్రం ఒక్క పందెమైనా గెలవకపోతే, గెలవనివాటికోసం పెట్టే పందేలు వేసవి ముగిసేసరికి అయిపోతాయి. ఇదివరకు శరదృతువులో ఇంకొన్ని ఉండేవి, 2019 నుంచి తీసేశారు. అంటే జనవరిలో కాలు వాచి రెండు నెలలు పోతే మిగిలేది ఆరు నెలలు. పైగా శీతాకాలంలో డర్ట్ పందేలకు పేర్లిచ్చే గుర్రాలు ఎక్కువ, చోటు తక్కువ. కిందటిసారి మొదటి ఐదింట్లో వచ్చినవాటికి ముందు చోటు దొరుకుతుంది. మిగతావి లాటరీలో పడి బయట ఉండిపోతాయి. అందుకే ఐదో స్థానానికి వచ్చిన గుర్రాన్ని చూసి పండగ చేసుకునేవాళ్లు కనబడతారు. బయటివాడికి వింతగా ఉంటుంది కానీ అది ఇంకో టికెట్టు. గడువు దాటితే గుర్రాన్ని ఎక్కువగా స్థానిక ప్రభుత్వాల రేస్‌కోర్సులకు పంపుతారు, అక్కడ రెండు గెలిస్తే మళ్లీ తిరిగి రావచ్చు. లేదంటే సెలవు.

గుర్రం పరిగెత్తకపోయినా మేత, శిక్షణ, వైద్యం ఖర్చు నెల నెలా వాటాల లెక్కన వస్తూనే ఉంటుంది. మలక్‌పేటలో శీతాకాలపు సీజన్ చూసే హైదరాబాదీలకు చలికాలమంటే పందేల కాలం. జపాన్ వాటాదారులకు అది బిల్లులు కూడా వచ్చే కాలం. రెండేళ్ల వయసుకి చేరిన పిల్లలు హొక్కైదోలో పైకప్పున్న వాలు ట్రాకుల మీద ఎక్కుతూ ఉంటాయి. బయట మోకాలి లోతు మంచు ఉన్నా లోపల శిక్షణ ఆగదు. క్లబ్బు పంపే నివేదికలో బరువు ఎన్ని కిలోలు, వాలు ఎన్ని సెకన్లలో ఎక్కింది, ట్రైనర్ ఏమన్నారు అన్న నాలుగు వాక్యాలుంటాయి. 'అలసట కనిపిస్తోంది, కొన్నాళ్లు విశ్రాంతి' అన్న ఒక్క ముక్క మీద నలుగురు నాలుగు అర్థాలు తీస్తారు. పందెం రోజు గుర్రాల్ని నడిపిస్తుంటే బొచ్చు చూస్తారు. చలికి దట్టంగా పెరిగి మాసినట్టుంటే ఒంట్లో బాగాలేదని ఆందోళన. ఆడగుర్రాల విషయంలో ఈ బొచ్చు చర్చ మరీ ఎక్కువ.

ఆల్మండ్ ఐ తర్వాత వాటా దొరకడమే ఒక పందెమైపోయింది. పేరున్న క్లబ్బుల్లో లాటరీలు. క్యారట్ క్లబ్బులో ఒక ఏడాది ఓడినవాళ్లకి మరుసటి ఏడాది ముందు అవకాశం ఇస్తారు, దాన్ని సభ్యులు 'బత్సు' అంటారు, తప్పు గుర్తు అని అర్థం. బత్సు చేతిలో ఉన్నవాళ్లు దాన్ని ఏ గుర్రానికి వాడాలా అని తల పట్టుకుంటారు. నార్తర్న్ ఫార్మ్ గుర్రాల వెంట అందరూ పడటం వల్ల పాత చిన్న ఫార్మ్‌ల క్లబ్బులు వెనకబడ్డాయన్నది నిజమే. అయినా 2021లో రాఫియన్ క్లబ్బు గుర్రం ఊబర్లేబెన్ మూడేళ్ల ఆడగుర్రాల పెద్ద పందెమైన ఓక్స్ గెలిచింది. ఆ క్లబ్బు పెట్టిన ఒకదా షిగెయుకి అంతకు రెండు నెలల ముందే, మార్చిలో, పోయారు.

మార్చి వాటాదారులకు ఇంకో రకంగానూ గడ్డు నెల. చాలా క్లబ్బుల్లో ఆడగుర్రం ఆరేళ్ల వయసులో మార్చి ఆఖరుకల్లా రిటైరవ్వాలి. ముందు రాసుకున్న ఒప్పందం ప్రకారం ఫార్మ్ దాన్ని మొదటి ధరలో పదో వంతుకి తిరిగి తీసుకుంటుంది. ఆ పదో వంతునీ వాటాల లెక్కన పంచుతారు. 60 వేలు పెట్టినవాడికి ఆరు వేలు. గుర్రం లారీ ఎక్కి, మధ్యలో ఓడ దాటి హొక్కైదో వెళ్తుంది. అక్కడ ఇంకా మంచు కరగదు. కొన్ని క్లబ్బులు తల్లిలో వాటా ఉన్నవాళ్లకి పిల్లల్లో ముందు అవకాశం ఇస్తాయి. ఆ పిల్ల కూడా బహుశా ఏ ఫిబ్రవరి రాత్రో, మంచు పడుతున్నప్పుడే పుడుతుంది. దాని పేరు కూడా ఇంకా ఉండదు. పట్టికలో తల్లి పేరు పక్కన పుట్టిన సంవత్సరం మాత్రం రాస్తారు.