సర్వర్ ఆబ్జెక్ట్‌ని జావాస్క్రిప్ట్‌కి పంపడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: సర్వర్‌లోని ఆబ్జెక్ట్ ఉన్నదున్నట్టు బ్రౌజర్‌కి వెళ్తుంది.

వాస్తవం: వెళ్ళేది ఉత్త టెక్స్టే. మీ ఆర్డర్ క్లాస్‌లో డిస్కౌంట్ లెక్కేసే మెథడ్ ఉంటే అది సర్వర్‌లోనే ఆగిపోతుంది, డేటా మాత్రమే జేసన్‌గా (JSON, డేటాని టెక్స్ట్‌గా రాసే పద్ధతి) మారుతుంది. తేదీలు స్ట్రింగులవుతాయి. తేదీ, టైమ్ కలిపి పంపుతూ టైమ్‌జోన్ రాయకపోతే, సర్వర్ ఇచ్చిన యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) టైమ్‌ని హైదరాబాద్‌లోని బ్రౌజర్ లోకల్ టైమ్ అనుకుంటుంది. ఐదున్నర గంటలు తేడా వచ్చేస్తుంది.

అపోహ: నంబర్లతో ఏ ఇబ్బందీ లేదు.

వాస్తవం: జావాస్క్రిప్ట్ మామూలు నంబర్ తేడా రాకుండా దాచుకోగల పూర్ణాంకం 9007199254740991 వరకే. డేటాబేస్‌లో ఆర్డర్ ఐడీ 9007199254740993 అనుకోండి. బ్రౌజర్‌లో జేసన్ పార్స్ అయ్యేసరికి, అంటే టెక్స్ట్ మళ్ళీ డేటాగా మారేసరికి, అది 9007199254740992 అవుతుంది. ఎర్రర్ ఉండదు, వార్నింగ్ ఉండదు. కస్టమర్ క్యాన్సిల్ నొక్కితే వేరే ఆర్డర్ నంబర్ సర్వర్‌కి చేరుతుంది. పెద్ద ఐడీలను స్ట్రింగ్‌గానే పంపండి.

అపోహ: జేసన్‌గా మార్చాం కదా, స్క్రిప్ట్ ట్యాగ్‌లో నేరుగా పెట్టేయొచ్చు.

వాస్తవం: అన్నిటికంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. హెచ్‌టీఎమ్‌ఎల్ పార్సర్‌కి జావాస్క్రిప్ట్ కోట్స్ తెలియవు. ఎవరైనా తన పేరు దగ్గర స్క్రిప్ట్ ముగింపు ట్యాగ్ టైప్ చేస్తే, మీ స్క్రిప్ట్ అక్కడికే అయిపోతుంది, ఆ తర్వాత అతను రాసిందల్లా పేజీలో భాగమవుతుంది. పైథాన్ జేసన్ లైబ్రరీ మామూలుగా ఆ ట్యాగ్ గుర్తులను ముట్టుకోదు. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ అయిన జాంగోలో టెంప్లేట్ కోట్స్‌ని ఎస్కేప్ చేసి (వేరే గుర్తులుగా మార్చి) కోడ్ పాడవుతోందని చాలామంది ఆ ఎస్కేప్‌ని ఆపేసే ‘సేఫ్’ ఫిల్టర్ తగిలిస్తారు. దాడికి దారి తెరుచుకునేది అక్కడే. 2018లో వచ్చిన జాంగో 2.1 నుంచి ‘జేసన్ స్క్రిప్ట్’ ఫిల్టర్ ఉంది. అది ఆ గుర్తులను యూనికోడ్ ఎస్కేపులుగా మార్చి, డేటాని బ్రౌజర్ రన్ చేయని స్క్రిప్ట్ ట్యాగ్‌లో పెడుతుంది. ఐడీతో ఆ ట్యాగ్‌ని పట్టుకుని పార్స్ చేసుకుంటే చాలు. దయచేసి అదే వాడండి.

అపోహ: స్క్రీన్ మీద చూపించని ఫీల్డ్ ఎవరికీ కనిపించదు.

వాస్తవం: వ్యూ సోర్స్ నొక్కితే అంతా కనిపిస్తుంది. పాస్‌వర్డ్ హ్యాష్, కొనుగోలు ధర, స్టాఫ్ రాసుకున్న నోట్స్, అన్నీ. మోడల్ మొత్తాన్ని జేసన్ చేయకుండా, పంపాల్సిన ఫీల్డుల పేర్లు ఒక్కొక్కటీ రాయండి. వద్దన్నవి తీసేసే లిస్టు పెట్టుకుంటే, రేపు టేబుల్‌కి ఎవరో కొత్త కాలమ్ చేర్చగానే అది మీకు తెలియకుండానే బయటికి పోతుంది.