సమితి రాయి

ప్రియమైన మనవళ్లకు, మనవరాళ్లకు,

మొన్న సెలవుల్లో మన ఊరి బడి గోడకున్న రాతి పలక మీద సున్నం గీకి, ‘పంచాయతీ సమితి, నర్సంపేట’ అని చదివారు. ‘సమితి అంటే ఏంది తాతా?’ అని అడిగారు. బస్సు టైమ్ అయిపోయి చెప్పలేకపోయాను. నాకు అదే మనసులో ఉండిపోయింది.

మీకు మండలం తెలుసు. మా చిన్నప్పుడు మండలాలు లేవు. 1959లో అప్పటి మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో, కొన్ని ఊళ్లకు కలిపి ఒకటిగా, పంచాయతీ సమితులు వచ్చాయి. షాద్‌నగర్‌లో నెహ్రూ గారే వచ్చి ప్రారంభించారు. ఊళ్ల సర్పంచులు అందులో సభ్యులు, అధ్యక్షుణ్ణి వాళ్లే ఎన్నుకునేవాళ్లు. ఆఫీసు పనికి బీడీఓ, అంటే బ్లాకు అభివృద్ధి అధికారి, ఉండేవాడు. పిల్లలమైన మాకు మాత్రం సమితి అంటే ఊళ్లు తిరిగే దాని ఉద్యోగి, గ్రామసేవకుడే. సైకిల్ హ్యాండిల్‌కు సంచి తగిలించుకుని వచ్చేవాడు. ఒకసారి గుప్పెడు కొత్త వరి విత్తనాలు తడిగుడ్డలో మూటగట్టి మా బాపు చేతికిచ్చాడు. మూడో రోజు మూట విప్పితే తెల్లటి మొలకలు! అమ్మ ఇరుగుపొరుగును పిలిచి మరీ చూపించింది.

మన వైపు ఒక దిక్కు పొలాలు, ఇంకో దిక్కు పాకాల అడవి. కాకతీయుల నాటి చెరువు, చుట్టూ 1952 నుంచి అభయారణ్యం. ఇంకా పైకి పోతే ఏటూరునాగారం అడవి. మక్కచేను కంకి పట్టిందంటే అడవిపందులు దిగేవి. మంచె మీద కూర్చుని రాత్రంతా డబ్బా కొట్టేవాళ్లం. మా చదువు సమితి బడిలో, మా కాపలా అడవి అంచున.

1985, 86ల్లో సమితులు పోయి మండలాలయ్యాయి. నర్సంపేట ఒక మండలం, పాకాల చెరువున్న ఖానాపూర్ ఇంకొకటి. నా మటుకు అది మంచే జరిగింది. అంతకుముందు అడవి లోపలి ఊళ్లవాళ్లు ఒక్క సంతకం కోసం కూలి పోగొట్టుకుని నర్సంపేట దాకా రావడం నేను చూశాను. 1987లో మండల అధ్యక్షుడికి మేమే నేరుగా ఓటేశాం.

అయినా ఆ రాయి పోకూడదు. బడికి కొత్త గదులు కడతారట. గోడ కూల్చేముందు పలకను జాగ్రత్తగా తీయించమని సర్పంచుకు చెప్పాను, మీరూ ఫోన్ చేసి అడగండి. కింది వరసలో సంవత్సరం ఉంటుంది, సున్నం మందంగా పట్టింది. ఈసారి వచ్చినప్పుడు తడిగుడ్డతో మెల్లగా రుద్దండి. గోరుతో గీకితే అక్షరం రాలుతుంది.

మీ తాతయ్య