చిల్లులు కొలవడం ఎలాగంటే

విశాఖపట్నం

చి. చిట్టికి, బాబ్జీకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆర్కే బీచ్‌లో బుడగల దుకాణం దగ్గర చిట్టి ఎయిర్‌గన్‌తో ఎనిమిది పెల్లెట్లు (చిన్న గుళ్లు) కాల్చి రెండే బుడగలు పేల్చింది. "నాకు గురి లేదు తాతయ్యా" అని ఇంటికొచ్చేదాకా మొహం ముడుచుకునే ఉంది. అక్కడ గురి సంగతి ఏం తేలుతుందమ్మా? మిగతా ఆరూ ఎటు పోయాయో చెప్పే నాథుడే లేడు. అందుకే ఆదివారం మిమ్మల్ని రేంజికి తీసుకెళ్లి కాగితం మీద కాల్పించాను.

చిట్టి కొట్టిన ఐదు చిల్లులూ నల్ల గుండ్రానికి దిగువన ఎడమవైపు పడ్డాయని బాబ్జీ నవ్వాడు. ఒరేయ్, ఐదూ ఒక్కచోటే పడ్డాయి, అది చూశావా? దాన్నే గ్రూపు అంటారు. గుంపు మొత్తం పక్కకు పడితే తుపాకీ మీద గురి చూసే సైటు మరను నాలుగు క్లిక్కులు తిప్పి మధ్యకు తెచ్చుకోవచ్చు. కాగితమంతా చెదిరితే మాత్రం సైటు ఏం చేస్తుంది పాపం! ఊపిరి, భుజం, ట్రిగ్గర్ మీద వేలు చూసుకోవాలి.

ఇక కొలత. అన్నిటికన్నా ఎడంగా ఉన్న రెండు చిల్లుల బయటి అంచుల మధ్య దూరం వెర్నియర్ కొలబద్దతో చూడండి. చిట్టి కాగితం మీద 18.5 మిల్లీమీటర్లు వచ్చింది. పెల్లెట్ వ్యాసం 4.5 తీసేస్తే 14. రెండు చివరలా చెరో సగం పెల్లెట్ ఎక్కువ కొలిచాం కదా, మనకు కావాల్సింది మధ్య నుంచి మధ్యకు దూరం.

చిల్లు వెడల్పు కొలిచి దాన్నే తీసేద్దామనుకోకండి. కాగితం పీచు మళ్లీ లోపలికి ముడుచుకుని చిల్లు పెల్లెట్‌కన్నా చిన్నగా కనబడుతుంది. వెలుతురులో పట్టి చూస్తే చుట్టూ బూడిదరంగు మరక ఉంటుంది, కొలవాల్సింది అక్కడి నుంచి. మన వైజాగ్ చెమ్మకి కాగితం మెత్తబడి చిల్లు చింపిరిగా వస్తుంది, వెనకాల అట్ట పెట్టండి. పోటీల్లో వాడే చదును మూతి పెల్లెట్లయితే పంచింగ్ మిషన్‌తో కొట్టినంత నున్నగా కోస్తాయి. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం కొట్టిన పోటీ ఇదే, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. అందులో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. పెల్లెట్టే దానికి తొమ్మిది రెట్లు లావు!

కాగితం మూలన ఎంత దూరం నుంచి కాల్చారో, ఎన్ని కాల్చారో తప్పకుండా రాయండి. 10 మీటర్లలో 14 అంటే 50 మీటర్లలో, గాలి సంగతి పక్కన పెట్టినా, 70. అందుకే కోణంలో చెబుతారు. డిగ్రీలో 60వ వంతు ఒక నిమిషం, 10 మీటర్ల దగ్గర అది దాదాపు 2.9 మిల్లీమీటర్లు. చిట్టిది ఐదు నిమిషాలకు కాస్త తక్కువ. మూడు కాల్చినవాడు పది కాల్చినవాడితో పోల్చుకోకూడదు. కాల్చేకొద్దీ గ్రూపు పెరుగుతుందే గాని తగ్గదు.

నేనూ వెధవ పని చేశాను. ఎన్‌సీసీలో ఐదు కాల్చి, దూరంగా పడ్డదాన్ని వదిలేసి, నాలుగే కొలిచి నోట్‌బుక్కులో గొప్పగా రాసుకున్నాను. మా ఉస్తాద్ ఐదో చిల్లు మీద వేలు పెట్టి "ఇదెవరు కాల్చారు?" అని అడిగాడు. ఆ కాగితం ఇప్పటికీ పెట్టెలో ఉంది, ఈ కవరులో పెడుతున్నాను. ఐదూ కలిపి కొలిచి చెప్పండి. అది .22 రైఫిల్, దాని గుండు లావు వేరు, 4.5 కాదు, 5.6 తీసేయాలి.

మీ తాతయ్య