నీలి గుర్తును నమ్మినందుకు

"పిన్ నొక్కింది మీరే కదా?" క్రిప్టో, అంటే బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ కరెన్సీ పేరిట జరిగే మోసంలో డబ్బు పోగొట్టుకుని భీమవరంలోనో అమలాపురంలోనో బ్యాంకు మెట్లెక్కినవారికి ముందు వినిపించే మాట ఇది. తప్పెవరిదన్న గొడవ అక్కడే మొదలవుతుంది.

ఈ మోసాల్లో అసలు మలుపు 2020 జులై 15న వచ్చింది. ఆ రోజు ట్విట్టర్‌లో ఆపిల్, ఉబర్, బిల్ గేట్స్, ఎలాన్ మస్క్ ఖాతాలన్నీ ఒకే పాట ఎత్తుకున్నాయి: ఈ చిరునామాకు బిట్‌కాయిన్ పంపండి, రెట్టింపు చేసి తిరిగిస్తాం. పేరులో అక్షరం తేడా లేదు, పక్కన అసలు ఖాతా అని అప్పట్లో ట్విట్టర్ ఇచ్చే నీలి గుర్తు ఉంది. ఖాతాలు అసలువే. మోసగాళ్లు ట్విట్టర్ ఉద్యోగులకే ఫోన్లు చేసి, మాటల్లో పెట్టి, లోపలికి దారి సంపాదించారు. సూత్రధారి ఫ్లోరిడాకు చెందిన 17 ఏళ్ల కుర్రాడు! కొన్ని గంటల్లో లక్ష డాలర్లకు పైగా పోయాయి. అధికారిక ఖాతా అయితే నమ్మవచ్చన్న సలహా ఆ రోజుతో చెల్లని కాసైంది.

2024 సెప్టెంబరు 20న సాక్షాత్తు మన సుప్రీంకోర్టు యూట్యూబ్ చానల్‌లోనే ఎవరో చొరబడి, అమెరికా సంస్థ రిపుల్ పేరుతో క్రిప్టో వీడియోలు నడిపారు. అంతటి న్యాయస్థానానికే తప్పని బెడదను చెరువు గట్టు మీద నిలబడి ఫోను చూసుకునే రొయ్యల రైతు ముందే పసిగట్టాలనడం ఏం సబబు?

బ్యాంకులకూ ఓ ఆధారం ఉంది. నష్టంలో ఖాతాదారు బాధ్యతకు హద్దులు పెట్టిన రిజర్వు బ్యాంకు 2017 జులై 6 నాటి సర్క్యులర్ రాసింది ఖాతాదారు అనుమతి లేకుండా జరిగిన లావాదేవీల కోసమే. పిన్ నొక్కితే అనుమతి ఇచ్చినట్టే అన్నది వాటి వాదన.

ఆ అనుమతిని ఎలా రాబడతారో చూడాలి. రొయ్యలు పట్టి అమ్మిన డబ్బు చేతికొచ్చిన రోజుల్లో వాట్సాప్ గ్రూపులో ఒక యాప్ వస్తుంది, పైన పేరున్న టెక్ కంపెనీ లోగో. అయిదు వేలు పెడితే ఆరు వేలు నిజంగానే తిరిగొస్తాయి. తర్వాత లక్షలు పెడతారు. తెర మీద డాలర్లు పెరుగుతూనే ఉంటాయి. తీసుకోబోతే, "ముందు 30 శాతం పన్ను కట్టండి" అంటారు. అంకె గాల్లోంచి తెచ్చింది కాదు. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభాలపై కేంద్రం వేస్తున్న పన్ను రేటే అది. కాకపోతే ఆ పన్ను కట్టాల్సింది ప్రభుత్వానికి, యాప్ వాడికి కాదు.

పంపిన సొమ్ము సాధారణంగా మొదట మోసగాళ్లు అద్దెకు తీసుకున్న ఎవరిదో బ్యాంకు ఖాతాలో పడుతుంది. అక్కడ ఉండగా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను వెళ్తే ఆపించే వీలుంది. క్రిప్టోగా మారి చేతులు దాటిందా, వెనక్కి తిప్పే బ్యాంకు ఏదీ లేదు. ఆ కాస్త వ్యవధిలోనే చాలామంది ఇంట్లో చెప్పలేక, గ్రూపు అడ్మిన్‌కు మెసేజ్ పెట్టి జవాబు కోసం చూస్తూ కూర్చుంటారు.